ఒకే ఒక్క మిడ్‌రేంజ్ తెప్పించుకోవాలంటే

తమ్ముడూ, నీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్తా, చదివే మిగతావాళ్లకు కూడా సంగతి తెలుస్తుంది. ఉండేది చిత్తూరు. బెంగళూరులో చదివేటప్పుడు మూడేళ్లు అల్టిమేట్ ఫ్రిస్బీ, అంటే జట్లుగా డిస్కు విసురుకునే ఆట, ఆడావు, ఇప్పుడు డిస్కును విసిరి గొలుసుల బుట్టలో వేసే డిస్క్ గోల్ఫ్ మీద మనసు పడింది. చేతిలో దగ్గరినుంచి బుట్టలో వేసే పట్టర్ ఒకటి, స్నేహితుడెవరో ఇచ్చిపోయిన, బాగా దూరం విసిరే డిస్టెన్స్ డ్రైవర్ ఒకటి ఉన్నాయి. వచ్చే నెల మీ బావ డల్లాస్ నుంచి వస్తా ఉన్నాడు, సూట్‌కేసులో ఒక్క డిస్కుకు చోటిస్తానన్నాడు. బజ్, రాక్3, మాకో3 ఈ మూడింటిలో అన్నిరకాల విసురుకూ పనికొచ్చే మిడ్‌రేంజ్, అంటే మధ్యదూరాల డిస్కు, ఏది, ఏ ప్లాస్టిక్, ఎంత బరువు అని అడిగావు.

డిస్క్‌క్రాఫ్ట్ కంపెనీ బజ్ తెప్పించుకో. జెడ్ ప్లాస్టిక్. 175-176 గ్రాములు. మీ బావకు ఈ మూడు ముక్కలు మెసేజ్ పెడితే చాలు. ఎందుకో కూడా చెప్తా. కారణం తెలియకుండా కొన్న డిస్కు రెండు నెలల్లో అటకెక్కుతుంది. పైగా బాగాలేదని పక్కవీధి కొట్టుకెళ్లి మార్చుకునే వీలు మనకు ఇక్కడ లేదు.

నేను నార్త్ కరోలినాలో, షార్లెట్‌లో తొమ్మిదేళ్లు ఉన్నా. అక్కడి హార్నెట్స్ నెస్ట్ పార్కులో, చెట్ల మధ్య సన్నటి దారుల్లో ఈ ఆట నేర్చుకున్నా. అక్కడి నేల కూడా మన నేలలాగే ఎర్రమట్టి. ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నా. తిరుచానూరు రోడ్డులో ఒక వెల్డింగ్ షాపులో సైకిల్ రిమ్ముకు గొలుసులు వేలాడదీయించి బుట్ట చేయించుకున్నా. దాన్ని బంగారుపాళెం దగ్గర మా పెదనాన్న మామిడితోపులో పెట్టుకుని ఆడతా ఉంటా. కాబట్టి నేను చెప్పేది మన నేల మీద, మన ఎండలో విసిరి చూసిన సంగతి.

ముందు ఒక పాత కథ. షార్లెట్‌లో మొదటి ఏడాది నేను కొన్న మిడ్‌రేంజ్ బాగా ఓవర్‌స్టేబుల్ రకం, అంటే ఎట్లా విసిరినా చివర్లో గట్టిగా ఎడమకు వాలిపోయేది. నేనేం చేశానంటే, బుట్టకు ముప్పై అడుగులు కుడికి గురిపెట్టడం అలవాటు చేసుకున్నా. డిస్కు వెళ్లి బుట్ట దగ్గరికే వాలేది. ఆట వచ్చేసిందనుకున్నా. ఒకరోజు నాతో ఆడిన ఒక పెద్దాయన తన బ్యాగులోంచి నేరుగా పోయే డిస్కు ఒకటి తీసిచ్చి, దీంతో విసురు అన్నాడు. అదీ ఎడమకే పడింది. మళ్లీ విసిరా, మళ్లీ ఎడమకే. ఆయన నన్ను విసిరే భంగిమలో సగంలో ఆపి, డిస్కును పక్కనుంచి చూడమన్నాడు. ముందు అంచు వెనక అంచు కంటే రెండు వేళ్లంత పైకి లేచి ఉంది. ముక్కు పైకి లేచిన డిస్కు గాలిలోకి ఎక్కుతుంది, వేగం చచ్చిపోతుంది, ఎడమకు జారిపోతుంది. నా తప్పును ఏడాది పాటు ఆ ఓవర్‌స్టేబుల్ డిస్కు దాచిపెట్టింది. అది డిస్కు గుణం అనుకుంటూ వచ్చాను గానీ, అది నా మణికట్టు.

అందుకే ఒక్కటే డిస్కు కొనేవాళ్లకు నేను నేరుగా పోయేదే చెప్తా. అది నువ్వు ఎట్లా వదిలావో అట్లానే పోతుంది. వంచి వదిలితే వంగిపోతుంది, చదునుగా వదిలితే చదునుగా పోతుంది, తప్పుగా వదిలితే తప్పు కళ్లముందు కనబడుతుంది. అన్నిటికీ పనికొచ్చే డిస్కు అని నువ్వు అడిగావు చూడు, ఆ 'అన్నీ' చేసేది నీ చెయ్యి. డిస్కు అడ్డం పడకుండా ఉండాలి, అంతే.

ఇప్పుడు అంకెల సంగతి. ప్రతి డిస్కుకూ నాలుగు అంకెలు చెప్తారు: స్పీడ్, గ్లైడ్, టర్న్, ఫేడ్. బజ్‌కు 5, 4, -1, 1. రాక్3కి 5, 4, 0, 3. మాకో3కి 5, 5, 0, 0. స్పీడ్ అంటే డిస్కు ఎంత వేగంగా పోతుందని కాదు, అది తన దారిలో సరిగ్గా ఎగరాలంటే నీ చెయ్యి ఎంత వేగం ఇవ్వాలన్నది. గ్లైడ్ అంటే గాలిలో తేలే గుణం. టర్న్ అంటే వేగం మీద ఉన్నప్పుడు కుడికి ఎంత తిరుగుతుందని, ఫేడ్ అంటే వేగం తగ్గాక ఎడమకు ఎంత వాలుతుందని. ఇవన్నీ కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌కు, అంటే చేతిని ఒంటికి అడ్డంగా వెనక్కి తీసుకుని విసిరే తీరుకు, చెప్పినవి. అరచెయ్యి ముందుకు పెట్టి పక్కనుంచి విసిరే ఫోర్‌హ్యాండ్‌లో అయినా, ఎడమచేతి వాటమైనా కుడి ఎడమలు మార్చుకో.

డిస్కు ఎందుకట్లా తిరుగుతుందో ఒక్కసారి తెలుసుకుంటే ఈ అంకెలు బట్టీపట్టాల్సిన పనుండదు. కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌లో డిస్కు, పైనుంచి చూస్తే, గడియారం ముల్లు దిక్కులో తిరుగుతుంది. గాలి దాన్ని పైకెత్తే చోటు సరిగ్గా నడిమధ్యలో ఉండదు. మంచి వేగం మీద అది మధ్యకు కాస్త వెనక ఉంటుంది, వేగం తగ్గి డిస్కు కిందికి దిగడం మొదలయ్యేసరికి ముందుకు జరుగుతుంది. తిరగని వస్తువైతే ముక్కు కిందికో పైకో పడేది. ఇది తిరిగే వస్తువు కాబట్టి ఆ బలం పక్కవాటుగా తేలుతుంది. తిరిగే బొంగరాన్ని పుల్లతో ముందుకు నెడితే అది పక్కకు ఒరుగుతుందే, ఇదీ అదే. అందుకే మొదట కుడికి, చివర ఎడమకు. ఫేడ్ వచ్చేది తిరుగుడు ఆగిపోవడం వల్ల కాదు, ముందుకు పోయే వేగం తగ్గడం వల్ల. దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకో, గాలి గురించి చెప్పేటప్పుడు ఇదే పనికొస్తుంది.

ఆ డ్రైవర్ నీ చేతిలో ఎప్పుడూ ఎడమకు ఎందుకు కూలిపోతుందో కూడా ఇక్కడే ఉంది. డిస్టెన్స్ డ్రైవర్లు స్పీడ్ 9 పైనుంచి ఉంటాయి. వాటికి కావలసిన వేగం నీ చెయ్యి ఇంకా ఇవ్వడంలేదు. కాబట్టి టర్న్ అన్నది రానే రాదు, నేరుగా ఫేడ్‌కు పోతుంది. ఆరు నెలలు దాన్ని బీరువాలో పెట్టు. నెమ్మది డిస్కులతో ఏమవుతుందిలే అనిపిస్తే ఇది విను: 2021 ప్రపంచ ఛాంపియన్‌షిప్, యూటాలోని ఆగ్డెన్‌లో, చివరి రౌండు చివరి హోల్. పాల్ మెక్‌బెత్ ఒక్క త్రో ముందున్నాడు. జేమ్స్ కాన్రాడ్ 247 అడుగుల దూరంనుంచి విసిరిన డిస్కు నేరుగా గొలుసుల్లో పడింది, స్కోరు సమమైంది, ప్లేఆఫ్‌లో కప్పు అతనిదే. ఆ డిస్కు ఎన్వీ, అదొక పట్టర్.

ఇక నీ విషయం. నువ్వు అల్టిమేట్ నుంచి వచ్చినవాడివి, ఈ ఎంపికలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది అదే. అల్టిమేట్ డిస్కు 175 గ్రాములు, వెడల్పు 27 సెంటీమీటర్ల పైచిలుకు. బజ్ 21.7 సెంటీమీటర్లు. బరువు అంతే, చుట్టు మాత్రం చిన్నది, అంచు పదునుగా ఉండి గాలిని కోసుకుంటూ పోతుంది. 175 గ్రాములు నీ భుజానికి కొత్త కాదు కాబట్టే ఆ బరువు చెప్పా. ఈ ఆటకే కొత్త అయినవాళ్లకు, చిన్నపిల్లలకు 165 దగ్గర చెప్పేవాణ్ని. తేలిగ్గా ఉంటే తక్కువ బలంతో ఎక్కువసేపు తేలుతుంది, కానీ గాలికి ఊగుతుంది. డిస్క్ గోల్ఫ్ ఆటగాళ్ల సంఘం పీడీజీఏ నిబంధన ప్రకారం డిస్కు వ్యాసంలో సెంటీమీటరుకు 8.3 గ్రాములు మించకూడదు. 21.7ను 8.3తో గుణిస్తే 180 గ్రాములు వస్తుంది. షాపుల్లో '177 ప్లస్' అని కనబడేవి ఆ గరిష్ఠం దగ్గరివి. నీకు అంత అక్కర్లేదు.

అల్టిమేట్ ఆడిన చేతికి ఒక అలవాటు ఉంటుంది. గట్టిగా విసిరితే ఆ వెడల్పు డిస్కు తిరగబడిపోతుందని, బయటి అంచును కాస్త కిందికి వంచి వదులుతారు. గోల్ఫ్‌లో దాన్నే హైజర్ అంటాం. ఆ అలవాటుతో నువ్వు రాక్3 విసిరితే, దాని ఫేడ్ 3, దానికి నీ వంపు కూడా తోడై, 120 అడుగులకే ఎడమకు మునిగిపోతుంది. నువ్వేమో ఇంకా బలం పెడతావు. నా మొదటి ఏడాది కథే మళ్లీ. బజ్ అయితే అదే హైజర్ వంపును తీసుకుని, ఆ -1 టర్న్ వల్ల మెల్లగా చదును అవుతుంది, నేరుగా కొంతదూరం పోయి, చివర కొద్దిగా ఎడమకు వంగి దిగుతుంది. నీకున్న అలవాటు అడ్డంకి కాకుండా పనిముట్టు అవుతుంది.

అట్లాంటప్పుడు పూర్తిగా నేరుగా పోయే మాకో3 ఎందుకు వద్దంటావా? అది మంచి డిస్కే, నా దగ్గర ఒకటి ఉంది. కానీ నీ ఫ్లిక్, అంటే ఇక్కడి భాషలో ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్ కంటే బలంగా ఉంటుందని నువ్వే రాశావు. ఫోర్‌హ్యాండ్‌లో వేళ్లు చివర్లో డిస్కును కాస్త మెలిపెడతాయి, డిస్కు కొట్టుకుంటూ బయల్దేరుతుంది. ఫేడ్ సున్నా ఉన్న డిస్కు ఆ తొట్రుపాటునుంచి కోలుకోలేక తిరగబడి దొర్లిపోతుంది. బజ్‌కున్న ఆ ఒక్క ఫేడ్ దాన్ని మళ్లీ లైనులోకి లాగుతుంది. అయినా అల్టిమేట్‌లో చేసినట్టు మణికట్టును బలంగా చిలకొద్దు. సగం బలం, ఎక్కువ తిరుగుడు. మొదట్లో ఫోర్‌హ్యాండ్ 150 అడుగులు దాటించాలని చూడకు.

యాక్సియమ్ హెక్స్ అని ఇంకోటి ఉంది, అంకెలు 5, 5, -1, 1. బజ్ దొరకకపోతే అది తెచ్చినా బాధలేదు. అంచులో వేరే ప్లాస్టిక్ పోసి బరువును బయటికి తోస్తారు, చేతికి మాత్రం అంచు కొత్తగా తగులుతుంది.

ప్లాస్టిక్ దగ్గర మన ఊరు వచ్చేస్తుంది. డిస్క్‌క్రాఫ్ట్‌లో ప్రో-డి అన్నది చవకరకం, చేతికి బాగా అతుక్కుంటుంది. షార్లెట్‌లో పైన్ ఆకుల మెత్తటి నేల మీద అది ఏడాది వచ్చేది. ఇక్కడ గుట్టల కింద గరుకురాయి నేల మీద ఒక ఎండాకాలానికే అంచంతా పళ్లతో కొరికినట్టు అయిపోయింది. అంచు దెబ్బలు తినేకొద్దీ టర్న్ పెరుగుతుంది, నేరుగా పోయే డిస్కు కుడికి పోయే డిస్కు అవుతుంది. ఒక్కటే డిస్కు ఉన్నవాడికి అది కుదరదు. జెడ్ గట్టిది, అద్దంలా కాంతి దూరుతుంది, బండకు తగిలినా గీత పడుతుందే గానీ ముక్క లేవదు. ఈఎస్‌పీ అనేది ఇంకోరకం, పట్టు బాగుంటుంది. చెమటచేతుల వాళ్లు దానివైపు మొగ్గుతారు, తప్పు కాదు. నేను మాత్రం చిత్తూరు రాళ్లకు జెడ్డే అంటా, నడుముకు ఒక తువ్వాలు కట్టుకుంటా. ప్రతి విసురుకూ ముందు అంచు లోపలివైపు, వేళ్లు ఆనే చోట, తుడువు. అక్కడ ఎర్రదుమ్ము పిండిలా పేరుకుంటుంది. చెమటకు ఆ దుమ్ము తోడైతే డిస్కు అర క్షణం ముందే చెయ్యిజారి కుడికో ఎడమకో పోతుంది. ఏ ప్లాస్టిక్ అయినా సరే, మొదటి వారాలు స్వర్ణముఖి ఇసుకలో విసురుకుంటే దానికి దెబ్బే తగలదు, నీళ్లు లేని నెలల్లో అంతకంటే మంచి చోటు లేదు.

ఎండ విషయం ఇంకా గట్టిగా చెప్పాలి. మే నెలలో ఒకసారి రేణిగుంటలో బంధువుల ఇంట్లో పెళ్లికని వెళ్లి కారు ఎండలో వదిలేశా, డిస్కులు వెనక సీటు మీద ఒకదానికొకటి ఆనించి ఉన్నాయి. సాయంత్రానికి అడుగున ఉన్న డిస్కు వేయించిన అప్పడంలా ఒకపక్క వంకర తిరిగింది. బాగా వేడినీళ్లలో కాసేపు ముంచి, చదునైన గచ్చు మీద బోర్లించి, పైన రుబ్బురోలు పొత్రం పెట్టి రాత్రంతా ఉంచితే చాలావరకు సర్దుకుంది. ముందులాగా మాత్రం ఎగరలేదు. ఎండాకాలం డిస్కును కారులో, బండి డిక్కీలో వదలకు. ఇంట్లో బల్ల మీద పడుకోబెట్టి ఉంచు, గోడకు ఆనించి నిలబెట్టకు.

మీ బావ షాపుకెళ్లి చేత్తో చూసి కొనేట్టయితే రెండు మాటలు చెప్పు. ఒకటి, బల్ల మీద బోర్లిస్తే చుట్టూ సమంగా ఆనాలి, ఎక్కడా పైకి లేవకూడదు. రెండు, ఒకే పేరున్న డిస్కుల్లో కూడా కొన్నిటి వీపు కాస్త ఉబ్బుగా, కొన్నిటిది చదునుగా ఉంటుంది. ఉబ్బుది ఎక్కువ తేలుతుంది. నీ ఫోర్‌హ్యాండ్‌కు చదునుది మేలు, బొటనవేలు బాగా కుదురుతుంది. రంగు ముదురు గులాబీ తెమ్మను. ఎరుపు, నారింజ మన మట్టిలో కలిసిపోతాయి, పచ్చరంగు గడ్డిలో కనబడదు.

ఇప్పుడు గాలి. ఎదురుగాలి ఉంటే డిస్కుకు అది ఎక్కువ వేగంలాగే అనిపిస్తుంది, కాబట్టి టర్న్ పెరుగుతుంది. వెనకగాలి ఉంటే తక్కువ వేగంలాగా, కాబట్టి త్వరగా ఎడమకు వాలిపోతుంది. ఆషాఢం గాలికి ఎదురుగా బజ్‌ను గట్టిగా విసిరితే అది కుడికి తిరిగి తిరగబడుతుంది, అక్కడ రాక్3దే పైచేయి, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. నీకు రెండో డిస్కు యోగం పట్టినప్పుడు అదే తెప్పించుకో. అందాకా ఎదురుగాలిలో మూడు మార్పులు చేయి: తలెత్తుకంటే కిందనుంచి పోనివ్వు, బయటి అంచు ఇంకొంచెం వంచు, బలం తగ్గించు. గాలికి ఎదురుగా బలం పెంచినకొద్దీ డిస్కు ఇంకా చెడుతుంది. ఈ ఒక్క సంగతి ఒంటబట్టేందుకు నాకు చాలాకాలం పట్టింది.

సాధనకు మామిడితోపును మించింది మన వైపు లేదు. చెట్టుకూ చెట్టుకూ ముప్పై నలభై అడుగుల ఎడం ఉంటుంది, కొమ్మలు చాచుకుని మధ్యలో పది పన్నెండు అడుగుల సందు మిగులుతుంది, పైన కూడా కప్పేసి ఉంటుంది. ఆ సందులో ఎత్తుగా విసరడానికి లేదు, నేరుగా, కిందుగా, అదుపులో పోవాలి. మిడ్‌రేంజ్ పుట్టిందే ఆ పనికి. నేను బుట్టను 180 అడుగుల దూరంలో పెట్టుకుంటా. మొదట చదునుగా సందు మధ్యలోంచి. తర్వాత పక్క వరుసలోకి జరిగి, హైజర్‌తో కుడినుంచి ఎడమకు చెట్టు చుట్టి రావాలి. ఆ తర్వాత ఎడమ వరుసలోకి పోయి, బయటి అంచు పైకెత్తి, అన్‌హైజర్‌తో ఎడమనుంచి కుడికి. అదే చోటినుంచి ఫోర్‌హ్యాండ్. చివరగా సగం బలంతో, మోకాలి మీద కూర్చుని, కొమ్మల కింద నుంచి. అన్నీ ఒకే డిస్కుతో. విసిరిన ప్రతిసారీ నడిచివెళ్లి తెచ్చుకోవాలి. ఆ నడకలోనే ఇప్పుడెందుకు అట్లా పోయిందో ఆలోచించే వ్యవధి దొరుకుతుంది. డిస్కుల సంచీ పక్కన ఉంటే మనం ఆలోచించం, ఇంకోటి తీసి విసురుతాం.

ముక్కు పైకి లేస్తోందేమో చూసుకోవడం మర్చిపోకు. విసిరే ముందు చెంబుతో నీళ్లు వంచేటప్పుడు మణికట్టు ఎట్లా దిగుతుందో అట్లా దించి పట్టు, ముందు అంచు తనంతట తనే కిందికి వస్తుంది. మీ ఇంట్లో ఎవరితోనైనా పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీయించు. డిస్కు చెయ్యి వదిలే క్షణం దగ్గర ఆపి చూడు, అంతా అక్కడే తెలిసిపోతుంది.

తోపులో ఆడటానికి కాలం ఉంది. పూత మొదలైనప్పటినుంచి కాయ దిగేదాకా అడుగుపెట్టకు. పూతకొమ్మకు డిస్కు తగిలితే ఒక రైతు ఏడాది కష్టానికి తగిలినట్టే. మాది తోతాపురి, జులై ఆఖరుకు కాయ దిగిపోతుంది. అక్కడినుంచి నవంబరు దాకా తోపు ఖాళీ. డ్రిప్పు పైపుల మీద కాలు వేయకుండా నడిస్తే పెదనాన్న ఏమీ అనడు, మజ్జిగ కూడా ఇస్తాడు. మీ బావ వచ్చి వెళ్లాక ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున ఆరింటికి రా, కలిసి ఆడదాం. డ్రైవర్ ఇంట్లో పెట్టి ఆ బజ్ ఒక్కటే తీసుకురా. వచ్చేముందు దాని అడుగున నీ పేరు, ఫోన్ నంబరు చెరిగిపోని మార్కరుతో రాసుకో. తోపుకు పడమటి పక్క చెరకుతోట ఉంది, అందులో పడిన డిస్కు కోతల వేళకు గానీ బయటికి రాదు.